తిరగేసిన డబ్బా

నవంబర్ 8, శనివారం

మా ఆయన చేతికట్టు ఈరోజు పూర్తిగా విప్పేశారు. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. మధ్యలో మూడూ లేవు. కార్ఖానాలో ప్రెస్ కింద రేకు సర్దబోయి చెయ్యి పెట్టారు, అంతే. డాక్టర్ తిప్పి తిప్పి చూసి చాలా శుభ్రంగా మానింది అన్నాడు, తన పనితనాన్ని తనే మెచ్చుకున్నట్టు. ఆయన చేతిని చూడలేదు. గోడకున్న కేలండర్‌నే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే వీడియో గేమ్ ఆడే స్టిక్ డబ్బాను మంచం కిందికి తోసేశారు. కాలితో.

నవంబర్ 10, సోమవారం

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆయన పేరు ముదస్సర్ అని నాకూ అత్తకూ మాత్రమే తెలుసేమో అనిపించేది. లాహోర్‌లో మా బాగ్బాన్‌పురా గల్లీల్లో అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. కార్ఖానా నుంచి వచ్చి ముఖం కడుక్కుని టీవీ ముందు డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే ఇక లోకం లేదు. ఎడమచేత్తో స్టిక్ తిప్పడం, కుడిచేత్తో బటన్లు కొట్టడం. స్క్రీన్ మీద ఇద్దరు కొట్టుకుంటూ ఉంటారు. ఆయనతో కొట్టుకునేవాడు ఎప్పుడూ కింద పడి ఉండేవాడు.

కుర్రాళ్ళు చవక డబ్బాలు తెచ్చేవాళ్ళు. ఆయన వాటి లోపలి సరుకంతా పీకేసి మంచి బటన్లు, మంచి స్టిక్ వేసి ఇచ్చేవారు. డబ్బా ఏదైతేనేం, లోపల ప్రాణం మంచిదుండాలి అనేవారు. నేను టార్చి పట్టుకునేదాన్ని. నాకు తెలిసింది అదే.

ఆ డబ్బా నీకు సవతే, చూసుకో అని అత్త ఏడిపించేది. ఇప్పుడు సవతి మంచం కింద దుమ్ములో పడి ఉంది. సంతోషించాల్సింది నేనేగా.

నవంబర్ 14, శుక్రవారం

ఎడమచేత్తో తినాల్సి వస్తోందని ఎవరి ముందూ తినడం లేదు. పళ్ళెం గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంటారు.

ఈరోజు ఖాళీ పళ్ళెం ఇస్తూ, నీకింకా వయసుంది, నేను పోతే మీ నాన్న నీకు మళ్ళీ చేస్తాడులే అన్నారు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పారు.

నవంబర్ 15

మేడ మీదికెళ్ళే తలుపుకు తాళం వేశాను. తాళంచెవి దారానికి కట్టి మెళ్ళో వేసుకున్నాను.

నవంబర్ 18, మంగళవారం

పిండి కలుపుతుంటే ఒకటి తట్టింది. పిండిని అదిమేది అరచెయ్యి. వేళ్ళు కాదు. స్టిక్ తిప్పడానికి వేళ్ళు ఎందుకు, బటన్లకు కదా వేళ్ళు కావాలి. ఆయన మంచి చెయ్యి స్టిక్ దగ్గర ఊరికే ఉంది, పోయిన చెయ్యి బటన్ల దగ్గరుంది. అటుది ఇటు మారిస్తే?

ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు డబ్బా లాగి అత్త గదిలోకి తెచ్చాను. పైరేకు మరలు విప్పి రొట్టె తిరగేసినట్టు తిరగేశాను. స్టిక్ బొక్క కుడివైపుకొచ్చింది. బటన్ల బొక్కలు ఎడమవైపుకొచ్చాయి.

అత్త చూసింది. సవతికి ముస్తాబు చేసే పెళ్ళాన్ని నిన్నొక్కదాన్నే చూశానే అంది. తర్వాత తలుపు దగ్గరికి ముక్కాలి పీట లాక్కుని, కాపలాగా కూర్చుంది.

నవంబర్ 20, గురువారం

ఎలక్ట్రానిక్ సరుకు దొరికే హాల్ రోడ్‌కు ఒక్కదాన్నే వెళ్ళాను. ఒంటరిగా బజారుకు పోవడం ఇదే మొదలు. ఆయన సరుకు కొనే రియాసత్ చాచా కొట్టు అక్కడ ఒక మెట్ల కింద ఇరుకులో ఉంది. అక్కడంతా మగవాళ్ళు. రెండుసార్లు కొట్టు దాటి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చాను.

స్టిక్ కావాలన్నాను. జపాన్‌దా, కొరియాదా, లోకల్‌దా, ఆడేవాణ్ణి పంపమ్మా, కూరగాయలు కొన్నట్టు కాదిది అన్నాడు చాచా. పక్కనున్నవాళ్ళు నవ్వారు. బురఖాలోంచి కుడిచెయ్యి తీసి, మధ్య మూడు వేళ్ళూ ముడిచి, గాజు బల్ల మీద పెట్టాను. ఈ చేతికి కావాలి అన్నాను.

చాచా ఆ చేతి మీదికి వంగాడు. ముదస్సరా? అన్నాడు. తల ఊపాను. నవ్వినవాళ్ళు వెళ్ళిపోయారు.

అన్నిటికంటే మెత్తటి స్ప్రింగున్న స్టిక్ వెతికి తీశాడు. వేలి తాకిడికే పలికే బటన్లు తీశాడు. స్టిక్ మీద ఉండే చిన్న గుండు రెండు వేళ్ళకు ఆగదు, అరచెయ్యి ఆనాలి కదా అని గొణుక్కుంటూ బయటికి వెళ్ళి, తన వ్యాన్ గేరు కాడ మీది పెద్ద ఉండను ఊడదీసుకొచ్చాడు. లోపలి మర సరిపడేలా మార్చి బిగించి ఇచ్చాడు. మరి మీ బండి ఎలా చాచా అన్నాను. ఈ ఊరి ట్రాఫిక్ నన్ను రెండో గేరు దాటనిచ్చిందెప్పుడమ్మా, ఇక దానికి ఆ ఉండ ఎందుకు అన్నాడు.

నవ్వుతూ అన్నాడు కానీ కళ్ళు తుడుచుకున్నాడు.

నవంబర్ 24, సోమవారం

బిగించాను. స్టిక్ కాడ కింద చిన్న ఇనప చంద్రవంక ఉంటుంది, అది ఊడితే కాడంతా ఊడి వస్తుంది. స్క్రూడ్రైవర్ జారి అది ఎగిరిపోయింది. ట్రంకుపెట్టెలు జరిపి వెతికాం. చివరికి అత్త చీపురుకు తగిలింది. చంద్రుడు కనబడ్డాడు, ఇక ఈద్ చేసుకో అంది.

ఆయన నిద్రలో ఉండగా టీవీకి తగిలించి చూశాను. కుడికి తోస్తే స్క్రీన్ మీదివాడు ఎడమకు పోతున్నాడు. రేకు తిరగేశాను కదా, ఆ రెండు వైర్లూ మారాయన్నమాట. మార్చి పెట్టాను. స్క్రీన్ మీది ఆ చొక్కా లేనోడికి ఈ చలి తెలీదా అని అత్త బెంగపడింది.

నవంబర్ 27, గురువారం

ఆయన ముందు పెట్టాను. ఏమీ చెప్పలేదు, చెప్పడం నాకు రాదు.

వంగి చూశారు. తర్వాత ఒళ్ళోకి తీసుకున్నారు. ఉండ మీద అరచెయ్యి ఆనించారు.

అవతల మనిషి లేకుండా మెషీన్‌తోనే ఆడారు, అన్నిటికంటే తేలికైనదానితో. ఎడమచేతి వేళ్ళకు ఏదీ అలవాటు లేదు. కొట్టబోతే స్క్రీన్ మీద ఆయన బొమ్మ తన్నింది, తన్నబోతే ఊరికే నిలబడింది. మెషీన్ గెలిచింది. మళ్ళీ మెషీన్ గెలిచింది. ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కుంటివాడికి మూడు చక్రాల బండి చేసిపెట్టావు, బాగుంది, బజారులో తోసుకుంటూ తిరుగు అన్నారు.

నవంబర్ 28, శుక్రవారం

మేడ తాళంచెవి అడిగారు. ఎందుకన్నాను. కాస్త గాలి కోసం అన్నారు. ఈ రోజుల్లో లాహోర్‌లో గాలి ఎక్కడుంది, పొగ తప్ప.

ఇవ్వలేదు. చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. కుడిచెయ్యే. కట్టు విప్పాక ఆ చెయ్యి నా ముందు చాపడం ఇదే మొదటిసారి.

ఇవ్వలేదు.

డిసెంబర్ 1, సోమవారం

జర్ఘామ్ పాలకొట్టుకు వెళ్ళాను, పెరుగుకని గిన్నె పట్టుకుని. చిన్నప్పటి నుంచి ఈ ఆటలో ఆయనకు జోడీ అతనే. గెలిస్తే ఆయన గెలవాలి, లేకపోతే అతను. దెబ్బ తగిలాక రెండుసార్లు ఇంటికొచ్చాడు, ఆయన తలుపు తీయలేదు.

బేరాలన్నీ పోయేదాకా నిలబడ్డాను. తర్వాత చెప్పాను. మీరు వచ్చి ఆయనతో ఆడండి, ఓడిపోండి.

అతను గరిటె గాల్లోనే ఆపాడు. వదినా, ప్రాణం అడుగు, ఇచ్చేస్తాను, ఇది మాత్రం అడక్కు అన్నాడు. నా సొంత తమ్ముడి దగ్గర కూడా నేను తగ్గి ఆడలేదు, మాలో తగ్గి ఆడటమంటే అవతలివాడి మొహాన ఉమ్మడమే, ముదస్సర్ అయితే ఉమ్మినా తుడుచుకుంటాడు కానీ దీన్ని తుడుచుకోడు అన్నాడు.

అయితే ఆయన జనాజా మొయ్యడానికి, మట్టి వెయ్యడానికి రండి, కబురు పంపుతాను అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. అతని గరిటె పెరుగు కుండలో పడిపోయింది. గిన్నె నింపకుండానే వచ్చేశాను.

డిసెంబర్ 3, బుధవారం

జర్ఘామ్ వచ్చాడు. తలుపు తీయకపోతే విరగ్గొడతాను, మీ అమ్మ కొత్త తలుపు నాతోనే పెట్టిస్తుంది అని అరిచాడు. ఆయన తీశారు.

నేను వంటింట్లో పరదా వెనక పకోడీలు వేస్తున్నాను. బటన్ల చప్పుడు వినపడుతోంది. జర్ఘామ్‌వి వానలా, ఆయనవి ఆగి ఆగి. అబ్బా చంపేశావురా అని జర్ఘామ్ అరుపు. ఆయన గెలిచారు. మళ్ళీ గెలిచారు. అత్త నా భుజం గిల్లింది. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఎన్నాళ్ళకో.

చప్పుడు ఆగిపోయింది.

ఆయన గొంతు చాలా నెమ్మదిగా వినబడింది. నేను నిన్ను పట్టుకున్నాను, నువ్వు విడిపించుకోలేదు అన్నారు. చూసుకోలేదు యార్ అన్నాడు జర్ఘామ్. ఆ పట్టు నువ్వు నిద్రలో కూడా విడిపించుకుంటావు, పదేళ్ళుగా ఒక్కసారి నిన్ను అలా పడేయాలని చచ్చాను, ఈరోజు రెండు వేళ్ళతో పడేశానా అన్నారు.

జర్ఘామ్ ఏమైనా అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. అతను పరదా వైపు చూశాడు, సందులోంచి నాకు కనబడింది. చూడకుండా ఉండలేకపోయాడు పాపం. ఆ చూపు ఆయన చూశారు.

వైరు పీకేశారు. పకోడీలు మాడిపోయాయి.

డిసెంబర్ 4

మాట్లాడటం లేదు.

డిసెంబర్ 7, ఆదివారం

జర్ఘామ్‌ని అమ్మ అడిగిందా, నువ్వా అన్నారు. నేనే అన్నాను.

వేళ్ళు కార్ఖానా మెషీన్ తీసుకుంది, మిగిలింది నువ్వు తీసుకున్నావు అన్నారు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బతికిపోయేదాన్ని.

తిండి దాదాపు మానేశారు. పళ్ళెం తలుపు దగ్గరే ఉంటోంది. అత్త నన్నేమీ అనడం లేదు. అనమని అడగాలనిపిస్తోంది. బతికించాలనుకుని నేనే ఆ చివరి దారం తెంపాను. జర్ఘామ్ చెప్పాడు. నేను వినలేదు.

డిసెంబర్ 11, గురువారం

పొద్దున పైపులో గ్యాస్ వచ్చిందని టీ పెట్టడానికి లేచాను. ఆయన మంచం ఖాళీ. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. బయట పొగమంచు, ఎదురింటి గోడ కూడా కనబడడం లేదు. అత్త చెప్పులు కూడా లేకుండా గల్లీ చివరిదాకా పేరు పెట్టి పిలుస్తూ పరిగెత్తింది. నేను కాలవ గట్టు వైపు వెళ్ళాను. అక్కడ నిలబడి నీళ్ళకేసి చూడడానికి ధైర్యం చాల్లేదు. చూశాను. మంచు తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం అయింది. తెలిసినవాళ్ళ ఇళ్ళన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చి నేల మీద కూలబడ్డాక మంచం కింద చూశాను. డబ్బా లేదు. అత్తకు చెప్పాను. ఆమె ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. చావబోయేవాడు డబ్బా చంకన పెట్టుకుని పోతాడటే, లే అంది.

కుర్రాళ్ళంతా చేరి ఈ ఆట ఆడే కొట్టు బేకరీ కింద నేలమాళిగలో ఉంటుంది, అక్కడికి వెళ్ళాను. ఆడవాళ్ళెవరూ దిగరు. మెట్ల మీద జర్ఘామ్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి దారి ఇచ్చాడు. లోపలివాళ్ళు తగ్గి ఆడుతున్నారా అని అడిగాను. లేదు వదినా, తగ్గినవాడి కాళ్ళు విరగ్గొడతానని ముదస్సర్ పొద్దున్నే వచ్చి అందరి ముందూ చెప్పాడు, నా వైపు చూసి మరీ చెప్పాడు, అప్పటినుంచి ఓడుతూనే ఉన్నాడు అన్నాడు.

నాలుగు మెట్లు దిగి వంగి చూశాను. ఆయన వీపు కనబడింది. అక్కడి పద్ధతి, ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. ఆయన ఓడారు. డబ్బా చంకన పెట్టుకుని లేచి వరస చివరికి వెళ్ళి నిలబడ్డారు. కుర్రాళ్ళు వదలడం లేదు. ఉస్తాద్, చలికి బటన్లు గడ్డకట్టాయా అంటాడొకడు. నీ బండి రివర్స్ గేరులో ఉంది చూసుకో అంటాడింకొకడు. ఒకప్పుడు ఈయన దగ్గర డబ్బాలు బాగుచేయించుకున్నవాళ్ళే. మళ్ళీ వంతు వచ్చింది. కూర్చున్నారు. లేచారు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

ఇంతమంది ముందు ఇంత ఓటమి. ఇది ఆయన్ని బతికిస్తుందో, చంపుతుందో నాకు తెలీలేదు. పిలవాలని నోటిదాకా వచ్చింది. ఈసారి నోరు మూసుకుని మెట్లెక్కి వచ్చేశాను.

డిసెంబర్ 12, శుక్రవారం

రాత్రి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నారు. పొద్దున చూస్తే కుడి మణికట్టు వాచి ఉంది. గాయం అంచు కమిలింది. పళ్ళెం ముట్టలేదు.

డిసెంబర్ 13

మళ్ళీ వెళ్ళారు.

డిసెంబర్ 16, మంగళవారం

మళ్ళీ. రోజూ ఓడి వస్తున్నారు, మొహం చూస్తే తెలుస్తుంది. ఈరోజు కొడుకు గది ముందు నిలబడి అత్త, ఇంక చాలు బాబూ, పోనీ అంది. ఆవనూనె వెచ్చచేసి తీసుకెళ్ళాను. మణికట్టుకు రాస్తుంటే గోడ వైపు తిరిగి పడుకున్నారు కానీ చెయ్యి లాక్కోలేదు. రాయడం అయిపోయాక కూడా నేను వదల్లేదు.

డిసెంబర్ 21, ఆదివారం

ఇవాళ ఒకటి గెలిచానన్నారు. నేనెవరినీ అడగలేదు అన్నాను. తెలుసు అన్నారు. ఓడినవాడు ఏం చేశాడని అత్త అడిగింది. కుర్చీ తన్ని, మా అమ్మను బండబూతులు తిట్టి పోయాడు అన్నారు. నన్నేనా అంది అత్త. నిన్నే అన్నారు.

అత్త కొంగు పరిచి, వాడు నూరేళ్ళు చల్లగా ఉండాలని దువా చేసింది.