ఒరిగిన వెదురు అడ్డు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ పేరున హారతి ఇప్పిద్దామని గుడికి బయలుదేరాను. మన కార్వాన్ గల్లీలో నల్లా పైపుల కోసం తవ్విన గుంత చుట్టూ కట్టిన వెదురు అడ్డు ఒరిగిపోయి ఉంది. బడిపిల్లలు ఆ పక్కనుంచే నడుస్తున్నారు.

"కట్టుడే మా పని. చూసుకునుడు ఆఫీసోళ్లది" అన్నాడు, నేను అడిగితే, అక్కడ పని చేయిస్తున్న మేస్త్రీ.

"కట్టినోళ్లే చూడాలె భాయ్" అన్నాడు పని చూడ్డానికి వచ్చిన నల్లా ఆఫీసు ఇన్‌స్పెక్టర్.

నువ్వూ మేస్త్రీవే. ఎవరు కట్టిన అడ్డు వదులైనా బిగించిగానీ కదిలేవాడివి కాదు.

"తప్పు నాది గూడ ఉన్నది బిడ్డా. నిన్న తడి చీరలు దాని మీదనే ఆరేసిన" అన్నాను.

"గట్లంటే ఇగ మేమేం అనాలె అమ్మా!" అని మేస్త్రీ నవ్వి తాడు తీశాడు. ఇన్‌స్పెక్టర్ అడ్డు ఒక కొస ఎత్తాడు, నేను రెండోది పట్టుకున్నాను, మేస్త్రీ బిగించి కట్టాడు.

గుడికి చేరేసరికి హారతి అయిపోయింది. నాకేమీ బాధ కలగలేదన్నా.