వెనక సీటు

వనపర్తి,
12-8-1996

మార్కండేయ బావకు నమస్కారం.

కారు ఫైనాన్సు బాకీ నిన్న పూర్తిగా కట్టేశాను. అది ఉంటే ఇంటి లోను తక్కువ వస్తుందని బ్యాంకు మేనేజరు చెప్పినప్పుడు కారే అమ్మేద్దామనుకున్నాను. మీరు, "చెల్లె వెనక సీట్ల పండుకొని దవాఖానకు పోయిన కారు. దాన్ని అమ్మకు బావా, జర ఆగు" అన్నారు. దసరా గిరాకీకని నేసి దాచిన చీరలు ముందే అమ్మి పైకం పంపారు. ఆ మేలు మరువను. నెలనెలా తిరిగి ఇస్తాను, కాదనకండి.

లోను రాగానే మీ చెల్లె బాలమణి కోరినట్టే వంటింటికి రెండు కిటికీలు పెట్టిస్తాను.

గృహప్రవేశానికి పుట్టింటివారు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తారు కదా. పోయించుకునే మనిషి లేదని మీరు ఉత్త చేతులతో రావద్దు. గద్వాలకు కారు తీసుకొని నేనే వస్తాను. బియ్యం, చీర వెనక సీటులో పెట్టుకొద్దాం.

మీ బావ