జానెడు బట్టంత జవాబు

ఆదివారం రాత్రి, హనుమకొండ

ఈరోజు సర్వీసు కమిషన్ పరీక్ష రాశాను. బి.ఏ. పాసై రెండేళ్లుగా ఖాళీగా ఉన్నదాన్ని, గుమాస్తా ఉద్యోగమైనా చాలనుకుని వెళ్లాను.

నా బెంచీలో కాశిబుగ్గ నేతవాళ్ల కోడలు రాజేశ్వరి కూర్చుంది. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయిందట. మూడు గంటలూ కాళ్లు ఆడిస్తూనే ఉంది. బెంచీ ఊగి నా అక్షరాలు వంకరపోతుంటే మనసులో బాగా తిట్టుకున్నాను. తీరా చూస్తే ఆమె అన్నీ రాసింది. నేను మొదటి వ్యాసాన్నే మురిపెంగా సాగదీసి రెండు ప్రశ్నలు వదిలేశాను.

బయటికొచ్చాక, "ఏందక్కా ఆ కాళ్లూపుడు?" అని అడిగాను.

"నాకు వాచీ యాడిది చెల్లె? మగ్గం తొక్కినట్టు తొక్కిన. ఒక్కో జవాబుకు జానెడు బట్ట. జానెడు నేసుడైతే ఇంకో ప్రశ్న. కాళ్లకే ఎరుకైతది. మరి నీకు వాచీ ఉండంగ రెండెట్ల ఇడిచినవ్?" అని పకపకా నవ్వింది.

నాకూ నవ్వాగలేదు. ఎంత తెలివి! ఇన్నేళ్లు కాలేజీలో చదివినా ఏ విద్యా నా ఒంట్లోకి అట్లా ఇంకలేదు.

ఆ ఉద్యోగం ఆమెకే రావాలి. ఈ మాట రాసి, నిజంగానే అనుకుంటున్నానా అని కాసేపు ఆగాను. నిజంగానే అనుకుంటున్నాను. ఖాళీలు రెండుంటే మాత్రం...