గిన్నెల చప్పుడు

నాయనా,

ఇన్నేళ్ల కరువు తర్వాత నిన్న వాన పడి మన చేలో చెనక్కాయ విత్తడానికి సరిపడా పదునైంది. నువ్వుంటే ఈపాటికి విత్తే గొర్రు బయటికి తీసేవాడివి.

ముసలితనంలో నువ్వు, "నిద్రే తునకలైపాయ, ఇంగ కల యాడ నిలుస్తాదిరా?" అనేవాడివి. ఇప్పుడు నాదీ అదే వయసు. మోకాళ్ల నొప్పులకు ఊరికే మెలకువ వస్తుంది, ఏ కలా పొద్దుటికి గుర్తుండదు.

రాత్రి వాన చల్లదనానికి ఒళ్లెరగక నిద్రపోయాను. తెల్లవారుతుండగా నువ్వొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నావు. నువ్వు పోయాక కల్లోకి రావడం ఇదే మొదలు. ఏదో చెబుతున్నావు.

"మామా, ఇల్లు కారతాండాది, గిన్నెలు పెట్టల్ల లెయ్!" అని కోడలు కేకేసింది.

గిన్నెలు పెట్టి వచ్చేసరికి నీ మాట ఒక్కటీ గుర్తులేదు. మళ్లీ అదే పక్కకు తిరిగి కళ్లు మూసుకున్నాను. గిన్నెల్లో చుక్కలు పడే చప్పుడే వినిపించింది.