కడుపుమంట గురించి వివరణ

డాక్టర్ ప్రసూన గారికి,

మీరు పరీక్షిస్తున్న హెచ్‌ఐవీ మాత్రలు నాకు పడడం లేదని, సోమవారం నుంచి ఆపేస్తామని ఫోన్ చేశారు. దయచేసి ఆపవద్దు. వాటితోనే నేను లేచి తిరుగుతున్నాను.

ఒంట్లో ఏ బాధ కలిగినా పుస్తకంలో రాయమన్నారు. "కడుపుమంట" అని తొమ్మిదిసార్లు రాశాను, టైముతో సహా. అది మాత్రల వల్ల వచ్చింది కాదు. పక్క చేనులో బయమ్మ వేయించిన బోరులో నీళ్లు పడ్డాయి. నా మూడు బోర్లలో పడలేదు. ఆమె రోజూ గట్టు మీద నిలబడి, "ఏమవ్వా, మీ బోర్లో ఇంగా దుమ్మే వస్తాండాదా?" అని అడుగుతుంది. అప్పుడు రాసినవే అవన్నీ.

నిన్న నాలుగో బోరులో రెండంగుళాల నీళ్లు పడ్డాయి. నాకు పూర్తిగా తగ్గింది. ఇప్పుడు బయమ్మకు మొదలైంది. ఆమె మీ మాత్రలు వేసుకోవడం లేదని గమనించగలరు.

ఇట్లు,
మీ పరీక్షలో పదిహేడో నంబరు