ఏడువందల లావా

జూబ్లీహిల్స్, సోమవారం

బాబాయ్‌కి హైమ నమస్కారాలు.

నా ఫోన్ పలకడం లేదని పిన్ని కంగారుపడుతోందేమో. సినిమా కథ బయటికి పొక్కకూడదని యూనిట్ అందరి ఫోన్లూ లాక్కుని బీరువాలో పెట్టారు. షూటింగ్ అయ్యేదాకా ఈ గెస్ట్‌హౌస్‌లోనే ఉండాలట. అందుకే ఈ ఉత్తరం. బిర్యానీ కోసం టోలిచౌకి వచ్చే వ్యాన్ డ్రైవర్ వరప్రసాద్ చేత పంపుతున్నాను. జవాబు ఆయనకే ఇవ్వండి.

ఎల్లుండి హీరోయిన్ లావాలో పడుతుంది. పడేది ఆవిడ కాదు, డూప్‌ని కాబట్టి నేను. ఫిల్మ్‌నగర్‌లో సెట్ వేసి, పెద్ద తొట్టి కట్టి, ఎర్రటి జిగురు నింపారు. దాన్ని గోరువెచ్చగా కాచడానికి ఫారిన్ మిషన్ తెచ్చారు. మిషన్ పుస్తకంలో నీళ్ళ విశిష్టోష్ణం ఒకటి అని ఉంది. జిగురు డబ్బా మీద ఏడువందలు అని ఉంది! నీళ్ళకంటే ఏడువందల రెట్లు వేడా బాబాయ్? మూడో అంతస్తు నుంచి దూకినప్పుడు కూడా ఇంత భయపడలేదు. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్లతో కాపరం చేసిన మనిషి మీరు. నేను బతుకుతానో లేదో చెప్పండి.

మీ హైమ

తా.క.: జిగురు కొంచెం నాకి చూశాను. స్ట్రాబెర్రీ. చచ్చేవాళ్ళకి రుచి ఎందుకో!


టోలిచౌకి, సోమవారం సాయంత్రం

చిరంజీవి హైమకు వెంకటాచలం బాబాయ్ దీవెనలు.

పిచ్చిపిల్లా, విశిష్టోష్ణం అంటే వేడి కాదు. ఒక పౌండు సరుకు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కాలంటే ఎంత వేడి పొయ్యాలో చెప్పే లెక్క. మీ మిషన్ ఆ వేడిని బి.టి.యు. అనే ఇంగ్లీషు కొలతలో కొలుస్తుంది. డబ్బావాళ్ళు అడుగు-పౌండ్లనే ఇంకో చిన్న కొలతలో కొలిచారు. ఒక బి.టి.యు. అంటే 778 అడుగు-పౌండ్లు. ఏడువందల్ని 778తో భాగించు, 0.9 వస్తుంది. నీళ్ళకన్నా తక్కువే! కొలిచే పద్ధతి మారిందంతే, రెండూ ఒకటే. నిశ్చింతగా దూకు.

ఇట్లు,
బాబాయ్

తా.క.: లావా అంటే ఏమిటని మీ పిన్ని అడిగింది. స్ట్రాబెర్రీ పాకం అన్నాను. చల్లారాక తినమంది.


జూబ్లీహిల్స్, మంగళవారం రాత్రి

బాబాయ్‌కి వేయి దండాలు.

మీ ఉత్తరం చదివాక అన్నం సహించింది. అసిస్టెంట్ డైరెక్టర్ సుహాస్‌కి కూడా చదివి వినిపించాను. మిషన్‌లో జిగురు విశిష్టోష్ణం కింద ఏ అంకె కొట్టాలో తెలియక అతనూ నాలాగే హడలిపోతున్నాడు. "మీ బాబాయ్ రెండూ ఒకటే అన్నారు కదండీ, ఇంక టెన్షనెందుకు?" అని ఏడువందలు కొట్టేశాడు. జిగురు అంటుకుని పాడవుతుందని లోపల థర్మామీటర్ పెట్టలేదు. అంకెలు ఇస్తే లెక్క ప్రకారం వేడి పోసి, అయిపోగానే మిషన్ తనే ఆగిపోతుందట. రేపు పొద్దున ఆన్ చేస్తారు. భోజనాలయ్యాక నన్ను దింపుతారు. ధైర్యం చెప్పినందుకు మీ రుణం తీర్చుకోలేను.

మీ హైమ

తా.క.: కాగడానికి నెల రోజులు పడుతుందని మిషన్ చూపిస్తోంది. ఫారిన్‌వాళ్ళ టైం వేరే ఉంటుందని సుహాస్ అన్నాడు.


టోలిచౌకి, బుధవారం

హైమా,

దిగకు! తొట్టి దగ్గరికే పోకు! రెండూ ఒకటే అన్నది కొలిచిన వేడి గురించి, కొట్టే అంకె గురించి కాదు. ఆ మిషన్‌కి బి.టి.యు. లెక్కే తెలుసు, 0.9 కొట్టాలి. ఏడువందలంటే ఇంకా చాలదు, ఇంకా చాలదు అని వేడి పోస్తూనే ఉంటుంది. ఎవరేమన్నా దిగకు తల్లీ!

బాబాయ్

తా.క.: దిగకు.


జూబ్లీహిల్స్, బుధవారం రాత్రి

బాబాయ్‌కి, బతికే ఉన్న హైమ నమస్కారాలు.

మీ ఉత్తరం సాయంత్రం అందింది. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో వ్యాన్ ఇరుక్కుపోయిందట. అప్పటికే నన్ను తాడుకి కట్టి తొట్టి మీదికి దించారు. కింద లావా కుతకుతలాడుతోంది. డైరెక్టరేమో "బుడగలు అదిరాయి!" అని గంతులు. సెగ అరికాళ్ళకి తగిలింది. ఆపమని అరిచాను. ఫ్యాన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. భయపడటం బాగా నటిస్తున్నానని చప్పట్లు కొట్టారు. ఇంకొంచెం దిగితే నేను లేను, బాబాయ్.

అప్పుడు మునుల వేషాలు కట్టిన గుంపులోంచి ఒక ముసలి జూనియర్ ఆర్టిస్ట్ పరుగెత్తుకొచ్చాడు. గడ్డం నోట్లో పడి ఏమరుస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. మెయిన్ స్విచ్ లాగేశాడు. సెట్టంతా చీకటి. తాడు ఆగిపోయింది. కనపడని లావా కింద గుడగుడమంటుంటే ఏడుస్తూ వేలాడాను. చివరికి మనుషులు చేతులతో లాగారు.

తర్వాత నేను దిగనంటే, నా బదులు మైనపు బొమ్మని దించారు. మొహం మొత్తం కరిగి కారిపోయింది. ఇంతలో షాట్ చెడగొట్టాడని ఆ మునిని గేటు బయటికి గెంటేశారట. పాపం, ఒక్క మాటైనా చెప్పలేకపోయాను. ఎవరో ఎలాగైనా కనుక్కోవాలి.

మీ హైమ

తా.క.: బొమ్మ మొహాన్ని చూసి, తనకంటే అదే నయంగా నటించిందని హీరోయిన్ గారు అలిగారు.


టోలిచౌకి, గురువారం

చిరంజీవి హైమకు దీవెనలు.

ఆ మునిని వెతక్కు. అది నేనే.

ఉత్తరం పంపాక ఇంట్లో కాలు నిలవలేదు. ఆటో ఎక్కి వచ్చేశాను. గేటు దగ్గర నోరు తెరిచేలోగానే వాచ్‌మన్ "ఏంది తాతా, గింత లేటా? జల్ది పో, గడ్డం పెట్టుకో" అని లోపలికి తోశాడు. లోపల అందరికీ చెప్పబోయాను. "సైలెన్స్!" అన్నారు. తాడుకి వేలాడుతూ నువ్వు కాళ్ళు కొట్టుకోవడం కనపడింది. తర్వాత ఏం చేశానో నాకే సరిగా గుర్తులేదు. "778తో భాగించండి!" అని అరిచానని మాత్రం తెలుసు. మంత్రమనుకుని సుహాస్ దండం పెట్టాడు.

బాయిలర్ల ముందు కూడా ఏనాడూ ఇంతలా హడలిపోలేదు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ఇట్లు,
బాబాయ్

తా.క.: ముని నేనేనని నా నోట విని వరప్రసాద్ చెప్పాడట, సుహాస్ ఇంటికి వచ్చాడు. మునిలో భయం సహజంగా ఉందని డైరెక్టర్ మెచ్చుకున్నాడట. ఇప్పుడు లావాలో హీరోయిన్ బదులు మునే పడతాడట. డూప్‌గా నిన్ను పెడదామన్నాడు. వద్దు, నేనే పడతానన్నాను. మిషన్‌లో అంకె మాత్రం నేనే కొడతాను.