పది తూటాల గొడవ

తమ్ముడు ఆరిన్‌కి,

ఎదురుగా అడిగితే నవ్వేసి మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను.

తుపాకీకి తగిలించే తూటాల పెట్టెలో, అదే మ్యాగజైన్‌లో, పది తూటాలకు మించి ఉండకూడదనే చట్టం మీద మంగళవారం ఊరి హాల్లో మళ్ళీ సభ జరిగింది. పోయినసారి బల్ల గుద్ది, "పదితో నా ఇల్లెలా కాపాడుకోను?" అని అరిచినవాడివి, ఈసారి రానేలేదు. మీ పక్కింటి డెల్బర్ట్ నవ్వాడు. "మీ తమ్ముడు ప్లేటు ఫిరాయించాడక్కా! పెద్ద మ్యాగజైన్లన్నీ నా చేతిలో పెట్టి, నువ్వే ఉంచుకో పొమ్మన్నాడు."

నీ మనసు మారిందంటే నేను నమ్మను. బాతుల వేట తుపాకీ కూడా అతనికే ఇచ్చావట, వేట నిబంధన ప్రకారం మూడు తూటాలే పట్టేలా నాన్న చెక్కి లోపల పెట్టిన కర్రముక్కతో సహా. ఆఖరికి కుక్కనీ ఇచ్చేశావు. వేట మొదలయ్యే ముందు కుక్కని ఇచ్చేసేవాడు మన ఆరెగాన్‌లో ఎవడున్నాడు?

ఫోను చేస్తే "బాగానే ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. మరదలు మార్లీన్ చనిపోయాక ఆ మాట నీ నోట ఇంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు.

నాన్న పిస్తోలు మాత్రం డెల్బర్ట్‌కి ఇవ్వలేదట. ఎందుకు ఉంచుకున్నావు?

పదా, ముప్పయ్యా అని ఊరంతా కొట్టుకుంటోంది. నా భయమంతా ఒక్క తూటా గురించే.

ఈ ఉత్తరం డెల్బర్ట్ చేతికిచ్చి పంపుతున్నాను. వెనకే నేనూ బయల్దేరుతున్నాను. పిస్తోలు ఇచ్చేదాకా అతను నీ గుమ్మం దిగడు. అతని వెంట కుక్క కూడా వస్తోంది. పిస్తోలు అతనికిచ్చి, కుక్కని నువ్వు తీసుకో.

అక్క